బూర మీద నీటిబొట్టు

ప్రెస్సు నడుస్తుండగా మోటారు ఆగిపోయింది. మా షెడ్డులో ఆ స్విచ్ మీద నేను తప్ప ఇంకొకరు చెయ్యి వెయ్యరు. ఎవడ్రా అని తిట్టడానికి తిరిగాను. మా ఇంటిది. పెళ్ళైన కాడినుంచీ షెడ్డు లోపలికి అడుగు పెట్టని మనిషి స్విచ్ బోర్డు దగ్గర నిలబడి ఉంది. కాళ్ళకి చెప్పులు లేవు.

"తమ్ముడు పోనాడు," అంది.

ఎవరి తమ్ముడు అని అడిగాను. తెలియక కాదు. ఇంకెవరి తమ్ముడైనా అయితే బాగుండునని. ఆమెకి ఉన్నది ఒక్కడే.

కాలేజీకి బయల్దేరి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ మంచం మీద కూర్చున్నాడట. అలాగే పక్కకి ఒరిగిపోయాడట. గుండె. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేసరికే అంతా అయిపోయింది. నాకంటే చాలా చిన్నవాడు. ముందు పోవాల్సింది నేను. ఈ మాట చావింట్లో ప్రతివాడూ అంటాడని తెలుసు. ఐనా నేనూ అంటున్నాను, నిజం కాబట్టి.

మన ఇండస్ట్రియల్ ఎస్టేటు షెడ్లవాళ్ళు ఏడాదికోసారి వేసే ఈ పుస్తకంలో వాడి గురించి రాయమని అడిగారు. కాలేజీలో వాడితో పనిచేసినవాళ్ళు, వాడి దగ్గర చదువుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, వాళ్ళని అడగండి అన్నాను. తరవాత ఆలోచించాను. వాళ్ళకి వాడు లెక్చరర్ గారు. వాళ్ళు రాస్తే వాడి డిగ్రీలు రాస్తారు. నాకు వాడు బావమరిది. అందుకని నేనే కూర్చున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తున్నాను. తప్పులుంటే ఉండనివ్వండి.

మా అత్తగారూ మావగారూ బేగి పోయారు. మా ఇంటిది కాపరానికి వస్తూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుని వచ్చింది. కంచరపాలెంలో అప్పుడు మాది ఒక గది, ఒక వంటపాక. వాడు అక్కడే పెరిగాడు, అక్కడే చదివాడు. నన్ను బావా అనేవాడు, నేనూ వాణ్ణి బావా అనేవాణ్ణి. కోపమొస్తే మాత్రం ఒరే.

అప్పట్లో మా షెడ్డు పని ఇత్తడి ట్యాంకులు. వేటకెళ్ళే పడవల మీద పంపు కొట్టి వెలిగించే దీపాలుంటాయి కదా, వాటి అడుగున కిరసనాయిలు పోసే గుండ్రటి తొట్టి. వన్ టౌన్‌లో దీపాలు కట్టేవాళ్ళు మా దగ్గరే పట్టుకెళ్ళేవారు. రెండు ముక్కలు చేసి టంకం వేసి అతికిన తొట్టి ఉప్పుగాలికి ఏడాది తిరక్కుండా కారుతుంది. సముద్రం మధ్యలో దీపం ఆరిపోతే ఏమవుతుందో పడవవాణ్ణి అడగండి. మాది అతుకు లేని సరుకు. ఒకటే రేకు. బిళ్ళలాగా కోసిన రేకుని డై మీద, అంటే గుంట ఉన్న ఉక్కు అచ్చు మీద పెడితే, పైనుంచి పంచి అనే ఉక్కు దిమ్మె దిగి, రేకు డైలోకి జారి గిన్నెలాగా వస్తుంది. చెప్పడానికి ఇంతే. కాని అంత లోతు ఒకే దెబ్బలో లాగితే అడుగు మూలలో చిరుగుతుంది. అందుకని మూడు దెబ్బల్లో లాగుతాం. ప్రతి దెబ్బకీ మధ్యలో కొలిమిలో కాల్చి మెత్తబరచాలి, మళ్ళీ కొవ్వు రాయాలి, మళ్ళీ డైలో చేత్తో సరిగ్గా కూర్చోబెట్టాలి. అంటే ఒక ట్యాంకుకి మూడుసార్లు పంచి కింద చెయ్యి పెట్టాలన్నమాట.

అలా మూడోసారి పెట్టినప్పుడు పోయాయి నా కుడిచేతి చిటికెనవేలూ దాని పక్కదీ. క్లచ్చి జారి పంచి దానంతటదే దిగిపోయింది. ప్రెస్సు పనిలో ఇది కొత్త సంగతేమీ కాదు. మా వీధిలో వేళ్ళన్నీ ఉన్న ప్రెస్సు మనిషి కనిపిస్తే వీడికి పని రాదనుకునేవాళ్ళం.

మా బావమరిది అప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆ రోజు సెలవని షెడ్డులోనే ఉన్నాడు. నా చెయ్యి తువ్వాల్లో చుట్టి రిక్షా ఎక్కించాడు. ఎక్కించి మళ్ళీ లోపలికి పరిగెత్తాడు.

"ఏటి సేత్తన్నావురా లోపల, బేగి రా," అని అరిచాను.

వేళ్ళు వెతుకుతున్నాడు. దొరికాయి. రుమాల్లో కట్టి తెచ్చాడు. డాక్టరు గారు చూసి, అతకవు బాబూ, పక్కన పెట్టు అన్నారు. వాడు పెట్టలేదు. సాయంత్రం దాకా ఆ మూట ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నాడు. తరవాత సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి ఇసకలో పాతిపెట్టాడని వాళ్ళక్క చెప్పింది. ఎక్కడ పాతావని నేను ఎప్పుడూ అడగలేదు.

మర్నాడు నా మంచం పక్కన కూర్చుని మొదలెట్టాడు.

"బావా, మూడు దెబ్బలెందుకు?"

"లేపోతే రేకు సిరుగుతాది."

"ఎందుకు సిరుగుతాది?"

"లాగితే సిరగదేటి? నీ సొక్కా లాగి సూపించీమంతావా?"

"జారితే సిరగదు కదా."

"జారాలనే కదా కొవ్వు రాత్తన్నాం. ఇంకేటి రాయమంతావు, నెయ్యా?"

వాడు నవ్వలేదు. నా కట్టు వైపు చూస్తూ, "ఒక్క దెబ్బకి రావాలి బావా. సెయ్యి ఒక్కసారి పెడితే సాలు," అన్నాడు. చదువుకునే కుర్రాడు ఏదో బాధలో అన్నాడులే అనుకున్నాను. వాడు చచ్చిపోయే దాకా ఆ మాట మీదే ఉన్నాడు. మిగతావన్నీ, ఉద్యోగం, ద్వారకా నగర్‌లో అద్దె ఇల్లు, పెళ్ళి, పిల్లలు, ఆ మాట పక్కన జరిగిపోయాయి.

ఆ వేళ్ళు పోయిన తరవాత వాడికొక అలవాటు పట్టింది. రోడ్డు మీద నాతో నడిచేటప్పుడు ఎప్పుడూ నా కుడి పక్కనే నడిచేవాడు. నేను అటు మారితే వాడూ మారేవాడు. నా చెయ్యి జనం కంట పడకుండా అని నాకు తెలుసు. నాకేమీ సిగ్గు లేదు, పని చేసి పోగొట్టుకున్న వేళ్ళు. కాని వాడితో ఆ మాట అనలేదు. నడవనిచ్చాను.

కాలేజీలో ఉద్యోగం వచ్చిన తరవాత ఒక ఆదివారం పొద్దున్న రిక్షాలో తుప్పు పట్టిన ఇనప దిమ్మ ఒకటి వేసుకుని వచ్చాడు. వన్ టౌన్‌లో పాత ఓడల సామాను అమ్మే కొట్లో కొన్నాడట. ఇద్దరం దింపలేక దింపాం.

"ఏటిది?"

"ఓడ అడుగున ఉంతాది బావా. సముద్రం ఎంత లోతుందో సూడ్డానికి. లోపల నికెల్ రేకులుంతాయి. కరెంటిస్తే అదురుతాయి. ఆ అదురు నీటిలోకి పోయి, అడుగున తగిలి ఎనక్కొత్తాది."

"మన డై కింద సముద్రం లేదు కదా."

"ఆ అదురు డైకే ఇత్తాను. నిమిషానికి కాదు, సెకండుకి ఇరవై ఏల సార్లు అదురుతాది. కంటికి కనపడదు, సెవికి ఇనపడదు. అదిరిన ప్రతిసారీ రేకు డైని ఒగ్గుతాది, వదిలీత్తాది. ఒగ్గితే జారుతాది. ఇంక దాన్ని బలవంతాన లాగక్కర్లేదు బావా. రమ్మంతే వత్తాది."

రాత్రి అన్నం తింటూ మా ఇంటిదానితో, మీ తమ్ముడికి చదువు ఎక్కువైపోనాది అన్నాను. ఆమె చారు పోస్తూ, "నీ సెయ్యి సూసినప్పట్నించే ఆడికి ఎక్కువైంది," అంది.

దిమ్మకి కరెంటిచ్చే పెట్టెని వాడు కాలేజీ వాళ్ళని అడిగి తెచ్చాడు. ఆ నికెల్ దిమ్మనుంచి డైకి అదురు మొయ్యడానికి మధ్యలో ఒక ఉక్కు కడ్డీ కావాలి. ఒక చివర లావు, నడుమ సన్నం. వాడు దాన్ని హారన్ అనేవాడు. మేము బూర అనేవాళ్ళం, చూడటానికి పెళ్ళిబూర లాగా ఉండేది. దాన్ని నా లేతు మిషను మీద తిప్పి నేనే కోశాను. ఆ కోత నా వృత్తిలో నన్ను ఎవరూ పెట్టనంత చిత్రహింస పెట్టింది. బూర పొడుగు సరిగ్గా కుదిరితేనే అదురు పలుకుతుంది. డప్పుని మంట దగ్గర కాచి కాచి శృతికి తెస్తారు చూడండి, అలాగ. నేను ఉల్లిపొరంత కోస్తాను. వాడు తీసి బిగించి, మీటరు చూసి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ తెచ్చి లేతు మీద పెడతాడు.

"ఇంకొక్క గీత, బావా."

"గీతేటి గీత. ఎంత కోయాలో సరిగ్గా సెప్పీ, కోసి పారేత్తాను."

"నాను సెప్పలేను. అదే సెప్పాలి. ఎక్కువ కోసీసినామంతే మళ్ళీ అతకలేము కదా."

వాడి చెవి మీద పెన్సిలు, చేతిలో కాగితం పొట్లంలో ఉడికించిన వేరుశనగకాయలు. నేను కోస్తుంటే వాడు కాయలు ఒలిచి, సగం తన నోట్లో, సగం నా నోట్లో పెట్టేవాడు, నా చేతులు నూనెతో ఉంటాయని. ఆదివారాలన్నీ అలాగే గడిచాయి. ఇప్పుడు ఆలోచిస్తే నా బతుకులో మంచిరోజులు అవే. అప్పుడు మాత్రం వాణ్ణి తిడుతూనే ఉన్నాను.

మొదటిసారి స్విచ్ వేసిన రోజు నాకేమీ వినపడలేదు.

"కాలేదు," అన్నాను.

లేతు కింద పడుకునే ఎర్రకుక్క ఒకటి ఉండేది మా షెడ్డులో. అది చెవులు వెనక్కి పెట్టి, లేచి, మా ఇద్దరినీ ఒకసారి చూసి, గుమ్మం దాటి వెళ్ళిపోయింది. వాడు నవ్వడం మొదలెట్టాడు. "అదిగో, దానికి ఇనపడతంది," అన్నాడు. అప్పట్నించి మాకు మీటరుతో పని లేకపోయింది. కుక్క లేచిపోతే మిషను పలుకుతున్నట్టు.

తరవాత నీళ్ళ డబ్బాలో వేలు ముంచి, బూర చివర ఒక్క బొట్టు వేశాడు. ఆ బొట్టు పొగలాగా లేచి గాలిలో కలిసిపోయింది. వేడి లేదు, నిప్పు లేదు. ఉన్న బొట్టు లేదు. నేను ముట్టుకోబోతే వాడు నా చెయ్యి లాగేశాడు.

"ఆ అదురుకి సెయ్యి కాలుతాది బావా. ఆ సేతికి ఇంకా కొన్ని ఉన్నాయి, ఉండనీ."

నా వేళ్ళ గురించి వాడు వేళాకోళం ఆడింది ఆ ఒక్కసారే. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం.

మా షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ఏ పనిముట్టు చేసినా దాని మీద ఉలి మొనతో ఐదు చుక్కలు కొడతాం. నాకు పని నేర్పిన మేస్త్రీ గుర్తు అది. గుర్తు లేని పనిముట్టు తండ్రి పేరు చెప్పుకోలేని బిడ్డలాంటిదని ఆయన అనేవాడు. కాలేజీ పెద్దలు వచ్చి చూస్తామన్న రోజుకి ముందు, మా బావమరిది బూరని గుడ్డతో తుడిచి తుడిచి నా ముందు పెట్టాడు.

"గుర్తు కొట్టు బావా. రేపు ఆళ్ళకి సూపించి, ఇది మా బావ సేతి పని అని సెప్పాలి."

"ఎక్కడ కొట్టమంతావు?"

"అందరికీ కనపడేకాడ."

సన్నటి నడుము దగ్గరైతే బాగా కనపడుతుంది. వాడు పట్టుకున్నాడు, నేను కొట్టాను. ఐదు చుక్కలూ వరసగా కుదిరాయి. ఎంత ముచ్చటపడ్డామో. లోహం ఎక్కడ నలుగుతుందో లెక్కలు కట్టి పెట్టుకున్నవాడికి ఆ పూట లెక్క గుర్తు రాలేదు. సంతోషం అలాగ కళ్ళు మూసేస్తుంది.

మర్నాడు పెద్దలు వచ్చారు. పక్క షెడ్డు నుంచి కుర్చీలు తెచ్చి వేశాం. స్విచ్ వేస్తే కుక్క లేచిపోయింది, అందరూ నవ్వారు. రేకు పెట్టాను, చెయ్యి తీశాను, మీట లాగాను. పంచి సగం దిగింది. ఎండు పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు. బూర నడుము దగ్గర రెండు ముక్కలైపోయింది. అదురు ఆగిపోయి రేకు అడుగంతా చిరిగింది.

వాడు వంగి ముక్కలు చేతిలోకి తీసుకున్నాడు. విరుగు సరిగ్గా ఐదు చుక్కల మీదుగా పోయింది. నేనూ చూశాను. వాడు ముక్కలు గుడ్డలో పెట్టేసి, "నా లెక్కలో తప్పుంది సార్," అన్నాడు.

నాకు నోరు ఆగలేదు.

"లెక్క కాదండీ," అన్నాను. "లెక్క బానే ఉంది. నాను కొట్టిన సుక్కల కాడ ఇరిగింది. సూడండి." వాడి చేతిలోంచి గుడ్డ లాక్కుని చూపించాను.

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వారంలోగా కాలేజీ వాళ్ళు కరెంటు పెట్టె వెనక్కి పట్టుకెళ్ళిపోయారు. ఇలాంటి చోట ఇంత సున్నితం పని కుదరదన్నారట. పెద్దలు వెళ్ళిన సాయంత్రమే షెడ్డులో మేమిద్దరం దెబ్బలాడుకున్నాం.

"నీకు నోరు ఆగదేటి బావా? నాను సర్దుకుంతును కదా."

"నీ లెక్క తప్పని ఆళ్ళు రాసుకుంతే రేపు నిన్నెవుడు నమ్ముతాడు?"

"ఇప్పుడు నిన్ను సూసి నవ్వుతారు."

"నవ్వనీ. ఆళ్ళు నవ్వితే నా లేతు ఆగిపోద్దేటి?"

వాడు గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "సన్నంగా ఉన్నకాడే ఎక్కువ నలుగుతాది బావా," అన్నాడు. "అక్కడ సిన్న సూది మొన తగిలినా పెద్దదైపోద్ది." ఎవరి గురించి అన్నాడో, బూర గురించో మా గురించో, ఇప్పటికీ నాకు తెలీదు. చాలా వారాలు రాలేదు. ఆదివారం వస్తే మా ఇంటిది తమ్ముడికి కూడా కలిపి వండేది, మిగిలింది కుక్కకి పెట్టేది, నాతో మాట్లాడేది కాదు.

ఒక ఆదివారం లేతు దగ్గర వంగి ఉంటే నా నోటి ముందుకి ఒలిచిన వేరుశనగపప్పు వచ్చింది. తలెత్తలేదు. తినేశాను.

"ఇంకో బూర కోద్దాం బావా."

"గుర్తు?"

"బూర మీదొద్దు. దాని స్టాండు మీద కొట్టు."

ఆ తరవాత కరెంటు పెట్టె వాడే కట్టుకున్నాడు, పాత రేడియో వాల్వులూ తీగచుట్టలూ తెచ్చి. ఉక్కు ఫ్యాక్టరీ పునాదులు లేస్తున్న కాలం అది. మా షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళు ఒక్కొక్కరే అటు వెళ్ళిపోయారు. వాడికి కూడా మంచి ఉద్యోగాలు పిలిచాయి. చెల్లెమ్మ, అంటే వాడి భార్య, ఒకసారి నా దగ్గరికొచ్చి, "మీరైనా చెప్పండి అన్నయ్యా, మీ మాటైతే వింటారు," అంది. చెప్పాను. వాడు విని, "ముందు నీ సెయ్యి సంగతి తేలనీ," అన్నాడు. పోయిన వేళ్ళ సంగతి ఏం తేలుతుంది. ఉన్నవాటి గురించి అంటున్నాడని నాకు తెలుసు. నావే కాదు, ఈ వీధిలో డైల ముందు కూర్చున్న అందరివీ.

వచ్చింది. ఒక పొద్దున్న ఒక్క దెబ్బలో వచ్చింది.

ఆ రోజు చూడటానికి ఎవరూ లేరు. రేకు కాల్చి, కొవ్వు రాసి, డై మీద పెట్టి చెయ్యి తీశాను. వాడు స్విచ్ వేశాడు. కుక్క బయటికి పోయింది. మీట లాగాను. రేకు లోతుకి దిగేటప్పుడు కీచుమంటుంది, పళ్ళు జివ్వుమనే కీచు. నా వయసంతా ఆ కీచు వింటూనే గడిచింది. ఆ రోజు అది లేదు. పంచి పెరుగులో గరిటె దిగినట్టు దిగింది. పైకి లేపి చూస్తే డైలో పూర్తి లోతు ట్యాంకు. చిరుగు లేదు, ముడత లేదు.

వాడు చెయ్యి లోపల పెట్టి అడుగంతా తడిమాడు. నేనూ పెట్టాను. ఆ ఇత్తడి గిన్నెలో, వెచ్చగా ఉంది ఇంకా, వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. వేళ్ళు లేని చోట పట్టుకున్నాడు.

"ఒక్కసారే పెట్టావు బావా," అన్నాడు.

వాడి ముక్కు ఎర్రబడింది. నేను కుక్కని పిలుచుకొస్తానని బయటికి వెళ్ళిపోయాను.

కొత్త డై మీద వచ్చిన తొలి ముక్క అమ్మకూడదు. పనిముట్టు చేసినవాడి ఇంటికి పోవాలి, అందులో నీళ్ళు పోసి దేవుడి దగ్గర పెట్టుకోవాలి. అది మా అందరి షెడ్లలో ఉన్నదే. కాని ఇక్కడ పనిముట్టు ఎవరిది? "నీ సేతి కోత బావా, నీది," అని వాడు. "నీ బుర్రలోది, నీది," అని నేను. ఎవరమూ తగ్గలేదు. నేను దాన్ని సంచిలో వేసుకుని ద్వారకా నగర్‌లో వాడింటికి పట్టుకెళ్ళి ఇచ్చి వచ్చాను. తరవాత ఉగాదికి వాడు మా ఇంటికి తెచ్చి, దేవుడి గూట్లో పెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. అప్పట్నించీ అది అలా తిరుగుతూనే ఉంది. ఒక ఏడు వాడింట్లో, ఒక ఏడు మా ఇంట్లో. బస్సులో కండక్టరు అడిగేవాడు, ఏటి తాతా అది, ఖాళీ గిన్నెకి ఇంత జాగరతేటని.

ఆ మిషను ఒక వేసవంతా నడిచింది. ఆ వేసవిలో మా షెడ్డులో ఒక్కో ట్యాంకుకి ఒక్కసారే చెయ్యి పెట్టాం. తరవాత నికెల్ దిమ్మ లోపల చీలిపోయింది. అలాంటిది మళ్ళీ దొరకలేదు. వన్ టౌన్‌లో కొట్టుకొట్టూ తిరిగాం, రేవు దగ్గర సామాన్లవాళ్ళని అడిగాం. లేదు. మళ్ళీ మూడు దెబ్బలకి వచ్చేశాం. పక్క షెడ్డులో ఒకతనికి బొటనవేలు పోయింది. ఆ రోజు మా బావమరిది అన్నం తినలేదని చెల్లెమ్మ చెప్పింది.

ఈమధ్య ఏదో కొత్తరకం పింగాణీ బిళ్ళలు దొరికాయి వాడికి. నికెల్ లాగే అదురుతాయట, వేడెక్కవట. వాటికి సరిపడా మళ్ళీ కొత్త బూర. దీపావళి దాటిన కాడినుంచీ కోస్తున్నాం. వాడికి అప్పటికే ఆయాసం. చెక్కపెట్టె తిరగేసుకుని లేతు పక్కన కూర్చునేవాడు. బరువు ఎత్తొద్దన్నారు డాక్టర్లు. వాళ్ళక్క తిట్టేది, "ఇంటికాడ పడుకోలేవేటిరా," అని. "షెడ్డులోనే పడుకుంతాను లేవే అక్కా, కుక్క పక్కన," అనేవాడు.

వాడు పోవడానికి ముందు ఆదివారం బూర తీసి బిగించి చూశాడు. మళ్ళీ తెచ్చి లేతుకి బిగించాడు.

"ఇంకొక్క గీత ఉంది బావా. ఇయ్యాల ఓపిక లేదు. వచ్చే ఆదోరం."

సరే అన్నాను. ఇంకేం అంటాను. కాయలు మిగిలితే పొట్లం మడిచి నా చొక్కా జేబులో పెట్టి వెళ్ళాడు.

పాడె ఎత్తేటప్పుడు మావాళ్ళు నన్ను అటువైపు మారమన్నారు. కుడి భుజం మీద ఐతే కుడిచేత్తో పట్టుకోవాలి, నా చేతికి పట్టు చాలదు, జారుతుంది, ఎడమ భుజానికి ఎత్తుకో అన్నారు. మారనన్నాను. వాడు ఎప్పుడూ నడిచింది నా కుడి పక్కనే. జారలేదు. శ్మశానం దాకా పట్టుకున్నాను.

ఆ ట్యాంకు ఈ ఏడు మా ఇంట్లో ఉంది. అంటే తిరిగి ఇవ్వాల్సిన వంతు నాది. పెద్దకర్మ రోజు సంచిలో వేసుకుని వెళ్ళాను. భోజనాలు అయ్యాక చెల్లెమ్మ చేతికి ఇచ్చాను. ఆమె కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. అంచు చుట్టూ వేలు తిప్పింది.

"నేను ఉంచుకుంటే మళ్ళీ మీ ఇంటికి ఎవరు తెస్తారు అన్నయ్యా," అంది. "తెచ్చేవారు లేరు కదా. మీ దగ్గరే ఉండనివ్వండి."

బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. ఈసారి కండక్టరు ఏమీ అడగలేదు.

బూర ఇంకా లేతు మీదే ఉంది. పనివాళ్ళు తీసేద్దామంటున్నారు, లేతు ఖాళీ లేక వేరే పని ఆగిపోతోంది. తియ్యనివ్వలేదు. ఉల్లిపొరంత కోయడం నాకు వచ్చు, ఈ విశాఖపట్నంలో నాకంటే బాగా కోసేవాడు ఉంటే రమ్మనండి. ఎక్కడ ఆపాలో వాడికి తెలుసు. ఒక గీత తక్కువైతే అది పలకదు. ఒక గీత ఎక్కువైతే మళ్ళీ అతకలేను.

నిన్న ఆదివారం. పొద్దున్నే వెళ్ళి షెడ్డు తీశాను. ట్యాంకు నిండా నీళ్ళు పోసి లేతు పక్కన, వాడు కూర్చునే చెక్కపెట్టె మీద పెట్టాను. ఎర్రకుక్క ఎప్పుడో పోయింది, ఇప్పుడు దాని పిల్ల పిల్ల ఏదో ఉంది, అదే చోట పడుకుంటుంది. వేలు నీళ్ళలో ముంచి బూర చివర ఒక బొట్టు వేశాను.

కుక్క లేవలేదు. పైన రేకు చిల్లులోంచి ఎండ జరిగి జరిగి బూర మీదకి వచ్చింది. బొట్టు మెరుస్తూ అక్కడే ఉంది.